పెళ్ళి చీర మూటలో మలీద ముద్ద

పెళ్ళి చీర ఉన్న మూటలో తినేది ఏదీ పెట్టకూడదని మా నాయిన పట్టు. నెయ్యి గానీ నూనె గానీ తగిలితే పట్టు అంచు పాడైపోతుంది. పెళ్ళికూతురు కట్టేదాకా ఆ చీరకు నీళ్ళు తగలకూడదు కాబట్టి ఉతికే దారి కూడా లేదు. అందుకే మా ఊరి నుంచి అమీర్‌పేటకు రెండు రోజుల నడకకు మేం సద్ది కట్టుకోలేదు. దారిలో చుట్టాల ఇళ్ళలో తినడమే.

ఇంత దూరం నన్నెందుకు నడిపించాడంటే, పెళ్ళి చీరను ఆడపిల్ల చేతుల మీదుగా అప్పజెప్పడం మా ఇంటి ఆనవాయితీ. నాకప్పుడు పన్నెండేళ్ళు ఉంటాయేమో. ఆకలికి ఆగలేను, కోపానికి అసలే ఆగలేను. అవి యుద్ధం రోజులు. నూలు దొరక్క మా ఊళ్ళో మగ్గాలు ఒక్కొక్కటే మూలపడుతున్నాయి. అమీర్‌పేటలో బట్టల వ్యాపారం చేసే ఇంటి పెద్దమ్మ, ఈ చీర నచ్చితే నూలు తానే ఇచ్చి తమ ఇంటి పెళ్ళి బట్టలన్నీ మా చేతే నేయిస్తానని కబురు పంపింది. నచ్చకపోతే మా మగ్గం కూడా ఆగిపోతుంది. ఈ సంగతి నాకూ తెలుసు. కానీ కడుపుకు చెప్పేదెవరు?

మొదటి రాత్రి ఒక చుట్టాలింట్లో జొన్నరొట్టెలు తిన్నాం. రెండో రోజు మధ్యాహ్నం పట్నంలో తినాల్సిన ఇంటికి తాళం వేసి ఉంది. ఊరికి పోయారని పక్కింటావిడ చెప్పింది. నాయిన ఒక్క క్షణం ఆ తాళం వైపు చూసి నడక సాగించాడు.

ఖైరతాబాద్ దగ్గర భట్టీలోంచి రొట్టెల వాసన వచ్చింది. నా కాళ్ళు వాటంతటవే ఆగాయి.

"నాయినా, ఒక్కటి కొను."

"బజారుది మనం తింటమా బిడ్డా? జర ఓపిక పట్టు. గా గుట్ట దాటితే వచ్చినట్టే."

ఆ గుట్ట పంజాగుట్ట. ఎండకు బండలు కాలుతున్నాయి. నాయిన మాటిమాటికీ భుజం మీది మూటను తడుముకుంటున్నాడు. చీర మీద ఉన్న ప్రేమ నా మీద లేదు కదా అని ఒళ్ళు మండిపోయింది. వాగు పక్కన ఒక సీతాఫలం చెట్టు కింద కూలబడ్డాను.

"నేను రాను. నీకు నీ చీరే ముద్దు. దాన్నే తీసుకపో!"

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. నా ఎదురుగా కూర్చుని, ఎందుకో కొంచెం నవ్వుతూ మూట విప్పాడు. చీర మడతల పక్కన మోదుగాకులో చుట్టిన మలీద ముద్ద ఉంది. రొట్టె నలిపి, బెల్లం, నెయ్యి వేసి కట్టిన ముద్ద. పొద్దున ఆ చుట్టాలావిడ దగ్గర నాకోసం అడిగి తెచ్చాడు. చేతిలో పట్టుకుంటే మొదటి మైలులోనే నేను మింగేస్తానని ఆయనకు తెలుసు. నేను ఇక నడవలేనన్నప్పుడు ఇద్దామని దాచాడు. నా కళ్ళు పడని చోటు ఆ మూట ఒక్కటే.

ఆకు పొట్లం తీసి నాకు ఇవ్వబోయి ఆగిపోయాడు. ఎండకు నెయ్యి కరిగి ఆకులోంచి కారింది. చీర అంచు మీద అరచేయంత మరక.

నాయిన ముద్దను బండ మీద పెట్టేసి, పొడి మట్టి తెచ్చి మరక మీద చల్లాడు. దులిపాడు. మళ్ళీ చల్లాడు. నాకు భయం వేసింది. ముద్ద అక్కడే ఉన్నా ముట్టుకోబుద్ధి కాలేదు. చూస్తుండగానే దానికి చీమలు పట్టాయి. చివరికి ఆయన మరక లోపలికి పోయేలా చీరను మడిచి లేచాడు.

అమీర్‌పేటలో ఆ ఇంటి వసారాలో పెద్దమ్మ చేతికి చీర నేనే అందించాను. ఆమె ఒక్కో మడత విప్పి, నేత మీద చేయి ఆడించి, "మస్తుగ నేసినవయ్యా" అంది. ఇంకో రెండు మడతలు మిగిలాయి. ఆమె అక్కడితో ఆగాలని మా ఇలవేల్పుకు మనసులోనే మొక్కుకున్నాను. ఆమె నిజంగానే ఆగింది. చీరను తిరిగి మడవబోయింది.

"ఆగుండ్రమ్మా. లోపటి అంచుకు నెయ్యి మరకైంది. బిడ్డకు ఆకలైతదని మలీద పెట్టిన. తప్పు నాదే."

నాయిన మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆయన చేయి కొరకాలనిపించింది. పెద్దమ్మ మరకను చూసింది.

"పెండ్లి చీర గదయ్యా. మా వియ్యపోల్ల ముందట ఇదెట్ల పెట్టాలె? వేరేవాళ్ళతోటి నేయించుకుంటమయ్యా" అని చీర తిరిగి ఇచ్చేసింది. తర్వాత నా మొహం చూసి, "ఎండల వడి వచ్చిండ్రు. తిని పోండ్రి" అంది.

నాయిన వద్దంటాడనుకున్నాను. చుట్టాలింట్లో కూడా పెట్టినంతే తిని, మారు అడగకుండా లేచే మనిషి. విస్తరి ముందు కూర్చున్నాడు, కానీ ముద్ద కలపలేదు. నేను మాత్రం అన్నం, పప్పు ఏడుస్తూనే తిన్నాను. ఏడుపు ఆగలేదు, ఆకలీ ఆగలేదు. నా విస్తరి ఖాళీ అయింది. వడ్డించే ఆమె లోపలికి వెళ్ళబోతోంది.

మా నాయిన తల ఎత్తి, అప్పుడే తన చీర కాదన్న ఆ ఇంట్లో, అందరికీ వినబడేలా అన్నాడు:

"అమ్మా, నా బిడ్డకు ఇంకింత పెట్టుండ్రి."