గ్యాంగు కోసం పుంగనూరుకు

ఆ రోజుల్లో, అంటే మదనపల్లెలో భౌతికశాస్త్రం బోధించే ఉద్యోగమూ ఔత్సాహిక రేడియో లైసెన్సూ కొద్ది తేడాతో చేతికందిన వయసులో, రుజువు లేని మాటను గడప దాటనివ్వకూడదన్నది నా నియమం. (అమ్మ "వాన వస్తాది" అన్నా ఆధారమేమిటని అడిగేవాణ్ణి. ఆరేసిన బట్టలు తడిసేవి.) అటువంటి నేను ఒక యాంటెన్నా ట్యూనర్ కట్టడానికి పూనుకున్నాను. ట్రాన్స్‌మిటర్‌కూ మేడమీది తీగకూ పొసగకపోతే, మోర్స్ మీట కొట్టి పంపిన శక్తిలో కొంత వెనక్కి తిరిగివస్తుంది. ఆ రెంటికీ మధ్య నిలిచి రాజీ కుదిర్చే పెట్టె అది. పాడైన మోటారులోని రాగితీగను విప్పి ప్లాస్టిక్ గొట్టానికి చుట్టాను. బిస్కెట్ల డబ్బా పెట్టె అయింది. ఇక కావలసినవి, తిప్పితే రేకుల సందుల్లోకి రేకులు జరిగే పాతకాలపు రేడియో కండెన్సర్లు. రిపేరు దుకాణాల్లో వాటిని ఆ పేరుతో ఎవరూ పిలవరు, 'గ్యాంగు' అంటారు.

సరిగ్గా అప్పుడే కుప్పం నుంచి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి లెక్కల టీచరు. పెళ్ళిచూపుల్లో నేను చెప్పిన ప్రతి మాటకూ "యాల?" అని కారణం అడిగింది, నా మనసు ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. అబ్బాయి నడవడి విచారించడానికి ఆమె మేనమామ చెప్పకుండా మా ఇంటికి వచ్చిన రోజున నేను పుంగనూరులో, ఒక పాత రేడియోల దుకాణంలో ఉన్నాను.

"పిల్లోడు యాడమ్మా?" అని ఆయన అడిగాడట.

"పుంగనూరుకు పోయినాడప్పా, గ్యాంగు కోసరం. ఈడ ఒకటి దొరికింది గానీ సాలదంట."

"గ్యాంగా! ఏం పనికమ్మా?"

"ఈ పక్కొక గ్యాంగు, ఆ పక్కొక గ్యాంగు పెట్టుకుంటే, మనోడు కొట్టేది ఎనక్కి తిరిగి రాదంట!" అని అమ్మ గర్వంగా వివరించింది. (శాస్త్రపరంగా ఈ వాక్యంలో నేటికీ దోషం చూపలేను.)

ఆయన కాఫీ తాగకుండా లేచిపోయాడు. మర్నాడు ఫోను వచ్చింది: "మా పిల్లను రౌడీలకు ఇయ్యమప్పా."

సంబంధం చేజారిపోతున్నది. అభియోగానికి జవాబు ప్రయోగమే తప్ప వాదన కాదని నిశ్చయించుకుని, సరంజామా అంతా సంచిలో సర్దుకుని కుప్పం బస్సెక్కాను. మేనమామ కనుబొమలు ముడిచి నిలబడగా, వారి మేడ పిట్టగోడ నుంచి కొబ్బరిచెట్టు దాకా తీగ లాగాను. ఉపన్యాసం ఇస్తూ ఒక గ్యాంగు తిప్పాను, తర్వాత రెండోది తిప్పాను. వెనక్కి వచ్చే శక్తిని కొలిచే మీటరు ముల్లు మెల్లగా దిగి సున్నా మీద వాలింది.

"చూడండి, వెనక్కి వచ్చేది శూన్యం," అని ప్రకటించాను.

మెట్ల దగ్గర నిలబడిన అమ్మాయి అడిగింది: "ఎనక్కి రాలేదు సరే సార్. ముందుకు పోతాండాదని ఏం నమ్మకం?"

న్యాయమైన ప్రశ్న. శక్తి పెట్టెలోని తీగచుట్టలోనే వేడిగా హరించుకుపోయినా ముల్లు అలాగే వాలుతుంది. ఆ సంగతి విడమరచి చెప్పబోతుండగా ఆమె పిట్టగోడ వైపు వేలు చూపింది. కొబ్బరిచెట్టు నుంచి వచ్చిన తీగ కొస అక్కడ ఒంటరిగా పడి ఉంది. పెట్టెకు తగిలించడం మరచిపోయాను.

మేనమామ భుజాలు నవ్వుతో కదలడం మొదలైంది.

"ఈయప్ప రౌడీ కాదులేమ్మా," అన్నాడాయన కళ్ళు తుడుచుకుంటూ. "రౌడీతనానికి కొంచెమన్నా తెలివుండల్ల గదా!"

నా సమర్థతను నిరూపించడానికి వెళ్ళినవాణ్ణి, అసమర్థత రుజువై అల్లుణ్ణయ్యాను. ఇప్పుడు ఆ మేడమీది యువకుణ్ణి, శూన్యాన్ని చూపించి అంత గంభీరంగా నిలబడ్డవాణ్ణి, తలచుకుంటే జాలీ ముచ్చటా కలిసి వస్తాయి. ఒకే ఒక్క పరిశీలనపై తేల్చిన నిర్ణయాన్ని నేను సాధారణంగా అంగీకరించను. ఆనాటి దాన్ని మాత్రం మరోసారి పరీక్షించమని మా ఆవిడను ఇంతవరకూ అడగలేదు.