కొంగల దొర, లిన్ గారి సింకు

పార్కింగ్ లాట్‌లో అడవిబాతుల అరుపు వినబడితే చాలు, నా చేతులకు గిన్నెల సబ్బు వాసన వచ్చినట్లుంటుంది. కెనడాలో, మా విన్నిపెగ్‌లో అవి కార్లకు కూడా దారి ఇవ్వవు. ఆ దర్జా చూస్తే లిన్ గారు చెప్పిన కొంగలు గుర్తొస్తాయి.

లిన్ గారు మా రెస్టారెంట్ యజమాని, అంతకుముందు చరిత్ర పాఠాలు చెప్పినాయన. ఇండియా నుంచి విద్యార్థులం గుంపులుగా దిగిన ఆ రోజుల్లో గిన్నెలు కడిగే పనికి కూడా వీధి మలుపు దాకా లైను ఉండేది. నన్నే ఎందుకు తీసుకున్నారో తెలియదు. చలికి పళ్లు కొట్టుకుంటుంటే నవ్వుతున్నాననుకుని ఉంటారు.

ఒక మధ్యాహ్నం బీన్స్ తుంచుతూ, పాత చైనాలో వెయ్ అనే చిన్న రాజ్యాన్ని ఏలిన ‘యీ’ అనే దొర కథ చెప్పారు. ఆ దొరకు కొంగలంటే ప్రాణం. వాటికి పదవులిచ్చాడు, బళ్లెక్కించి తిప్పాడు. శత్రువు మీదికొస్తే సైనికులు, పదవులున్న కొంగలనే పంపమన్నారట. నాకు నవ్వాగలేదు. లిన్ గారు నవ్వలేదు.

మా కొంగ ఆయన మేనల్లుడు కెవిన్. వారాంతపు షిఫ్టులన్నీ అతనికీ అతని స్నేహితులకీ మాత్రమే. కౌంటర్ దగ్గర ఫోన్ చూస్తూ నిలబడేవాడు. వారమంతా క్లాసులుండే మాకు ఆ షిఫ్టులు దొరికితేనే ఇంటద్దె. పెద్ద విందులున్నప్పుడు మాత్రం మాకు పిలుపొచ్చేది. ఒక పెళ్లి విందుకు అలాగే పిలిస్తే, ఎవరమూ వెళ్లకూడదనుకున్నాం. ఆ మాట చెప్పడానికి నన్ను ముందుకు నెట్టారు.

“నువ్వైతే నవ్వుకుంట చెప్తవ్‌రా. నౌకరి పోయినా నీదొక్కటే పోతది,” అన్నాడు నా రూమ్మేట్ శ్రావణ్. మిత్రుడంటే అలా ఉండాలి.

వంటింట్లో లిన్ గారు ఒక్కరే ఉన్నారు. సింకు అప్పటికే నిండింది.

“సర్, ఈ విందుకు కొంగలను పంపండి,” అన్నాను.

ఆయన ముఖం పాలిపోయింది. నా ఉద్యోగానికి నేను మనసులోనే దండం పెట్టేశాను.

“కథ చివర నువ్వు వినలేదు. నవ్వుతూ ఉండిపోయావు,” అన్నారు. “ఆ దొర తానే యుద్ధానికి వెళ్లాడు.”

“గెలిచాడా సర్?”

“లేదు.”

చొక్కా చేతులు మడిచి, నడుం పట్టుకుని సింకు ముందు నిలబడ్డారు. కెవిన్‌ను కేకేసి పక్కన నిలబెట్టారు. ఇలాంటి ఘట్టంలో నేను తలెత్తుకుని బయటికి నడవాలి. కానీ బస్సుకు ఇంకా టైముంది, పైగా ఇద్దరికీ గిన్నెలు కడగడం రాదు. జరగమన్నాను. లిన్ గారు జరగలేదు. ముగ్గురం కడిగాం. సంగతి ఫోన్‌లో చెబితే శ్రావణ్ నన్ను తిట్టాల్సినవన్నీ తిట్టి, మిగతావాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ తర్వాతి వారం నుంచి శనివారాలు అందరికీ పంచారు, కెవిన్‌కు కూడా.

ఆ రెస్టారెంట్ ఇప్పుడు లేదు. నేను ఇంకోచోట షిఫ్ట్ మేనేజర్‌ని. నా దగ్గర పనిచేసేవాళ్లు నాతో మాట్లాడటం మానేసిన రోజున ముందు సింకు దగ్గరికి వెళ్తాను. గెలుస్తానని కాదు. నడుం మాత్రం అచ్చం ఆయనకు లాగే నొప్పెడుతుంది.