కారవాన్ తోకలో గ్రైండరు

2005లో, మేం న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో ఉండగా, పక్కింటి కివీ పెద్దాయన కారు వెనక తగిలించి లాగే తన బుల్లి చక్రాల ఇంటిని, కారవాన్‌ను, అరువిస్తూ రెండే మాటలు చెప్పాడు: బరువు వెనక పెట్టొద్దు, బండి ఊగితే బ్రేకు తొక్కొద్దు. విజయవాడ ట్రాఫిక్‌లో స్కూటర్ నడిపిన మహావీరుణ్ణి, నాకా పాఠాలు! నా ఎస్‌యూవీ పర్వతాన్నైనా లాగేస్తుందని నవ్వాను.

కారుకీ కారవాన్‌కీ కలిపి ఆరు నిమ్మకాయలు తొక్కించాం. రెండు రోజుల రొటోరువా విహారానికి మా ఆవిడ గ్రైండరు, బియ్యం బస్తా, ఆవకాయ జాడీ తెచ్చింది. అన్నీ కారవాన్ తోకలో కుక్కేశాను.

మొదటి దిగుడులోనే కారవాన్‌కు పూనకం వచ్చి, కారును కూడా పట్టి ఊపసాగింది. ఎదురుగా కొండంత పాల ట్యాంకరు.

"బ్రేకు తొక్కండీ!" అరిచింది మా ఆవిడ.

అప్పుడు గుర్తొచ్చాడు పెద్దాయన. కాలిని యాక్సిలరేటరు మీంచి తీసి, స్టీరింగును తిన్నగా పట్టుకున్నాను. ట్యాంకరు మా అద్దాన్ని ముద్దాడినంత దగ్గరగా పోయింది. బండి నెమ్మదించి గడ్డిలో ఆగింది.

"చూశారా, నిమ్మకాయలే కాపాడాయి," అందామె.

గ్రైండరును ముందుకు మోశాను.

తిరిగొచ్చాక "ఎలా నడిచింది?" అన్నాడు పెద్దాయన.

"పూలరథంలా!"

ఆయన కారవాన్ లోపలికెళ్లి, దాని వెనక గోడ మీది ఎర్రటి నూనె మరకను వేలితో తుడిచి, వాసన చూసి, "వెనకే పెట్టావన్నమాట," అన్నాడు. ట్యాంకరు ముందు కూడా నేనంత ముడుచుకుపోలేదు.

ఇప్పటికీ నిమ్మకాయలు తొక్కిస్తాను. కాకపోతే, గ్రైండరు ఎక్కడుందో చూశాకే.