స్పేర్ల గదిలో ఇంగ్లీషు

లిఫ్టులు బాగుచేసే ఆ కంపెనీలో అందరికంటే పాత మెకానిక్కును చిన్నా పెద్దా మేస్త్రి అనే పిలిచేవారు. ఇరవై ఆరేళ్ల సర్వీసు. మోటారు చప్పుడు విని రోగమెక్కడుందో చెప్పేసేవాడు. నెలనెలా జరిగే మీటింగులో మాత్రం నోరు పెగిలేది కాదు. అక్కడంతా ఇంగ్లీషే. తనకు తెలిసింది ఇంజనీరు చెవిన వేస్తే, ఆయన దాన్ని ఇంగ్లీషు చేసి మేనేజరుకు అందించేవాడు.

ఒకసారి ఒక ఆసుపత్రి లిఫ్టులో బ్రేకు లైనింగు అరిగిపోయిందనీ, వెంటనే మార్చాలనీ మేస్త్రి చెప్పాడు. ఇంజనీరు దాన్ని ‘అబ్జర్వేషన్‌లో ఉంది’ అని తేల్చేశాడు. పదిహేను రోజులకు ఆ లిఫ్టు అంతస్తున్నర జారింది. లోపలున్న నర్సు మణికట్టు విరిగింది. విచారణలో మీటింగు పుస్తకం తిరగేస్తే మేస్త్రి మాట ఎక్కడా లేదు. పైగా, ముందే గట్టిగా చెప్పాల్సింది కదా అని ఆయన్నే నిలదీశారు.

ఆ మాట మేస్త్రిని నిద్రపోనివ్వలేదు. బడిలో పాఠాలు చెప్పే కూతుర్ని అడిగాడు, ఈ వయసులో నాకు ఇంగ్లీషు వస్తుందా అని.

“పుస్తకాలు ముట్టుకోకు నాన్నా. రోజూ నీ పని గురించే నలుగురిలో నిలబడి మాట్లాడు. తప్పులొస్తే రానీ” అంది కూతురు.

నలుగురు దొరికారు. స్టోరు చూసుకునే అక్క, ఇద్దరు మెకానిక్కులు, గేటు దగ్గరి వాచ్‌మన్. డ్యూటీకి అరగంట ముందు, విడిభాగాలు పెట్టే స్పేర్ల గదిలో, పాత తలుపు రేకుల మధ్య చేరేవారు. ఒక్కొక్కరు మూడు నిమిషాలు నిలబడి మాట్లాడాలి. నవ్వినవాళ్లు తర్వాత లేవాలి. మొదటిరోజు మేస్త్రి తన పేరు చెప్పి, ‘మోటార్’ అని, ‘బ్రేక్’ అని, చెమట తుడుచుకుంటూ కూర్చున్నాడు. వాచ్‌మన్ లేచి “స్నేక్ కమ్, ఐ గో” అని గేటులోకి పాము దూరిన కథ మొదలుపెట్టాడు. అందరూ పడీ పడీ నవ్వారు. అందరూ లేవాల్సి వచ్చింది.

రెండు నెలల్లో పదకొండుమందయ్యారు. వారానికొకరు సభ నడిపేవారు, ఒకరు గడియారం చూసేవారు, ఒకరు తప్పులు చెప్పేవారు. ఆ కబురు మేనేజరుకు చేరింది. మర్నాటికి గదికి తాళం పడింది. మేస్త్రి వెళ్లి అడిగాడు.

“నీకు ఇంగ్లీషెందుకు మేస్త్రీ? ఇంజనీరున్నాడుగా” అన్నాడు మేనేజరు.

“ఉన్నారండి. అందుకే కావాలి.”

మర్నాడు అందరూ ఆవరణలో కంపెనీ వ్యాను పక్కన నిలబడి మాట్లాడారు. ఉద్యోగాలకు ముప్పని ముగ్గురు జారుకున్నారు. స్టోరు అక్క మాత్రం, డ్యూటీకి ముందు అరగంట నాది, అందులో నేనేం మాట్లాడుకుంటే ఎవరికేం అని కొంగు దోపింది.

తర్వాతి మీటింగులో ఒక బట్టల దుకాణం లిఫ్టు సంగతి వచ్చింది. అక్కడా లైనింగే. ఇంజనీరు మళ్లీ అబ్జర్వేషన్ అనబోయాడు. మేస్త్రి లేచాడు.

“నాట్ అబ్జర్వేషన్, సార్. బ్రేక్ లైనింగ్ ఫినిష్. లిఫ్ట్ ఐ స్టాప్. న్యూ లైనింగ్ కమ్, దెన్ స్టార్ట్. రైట్ ఇన్ బుక్, మై నేమ్.”

వ్యాకరణం కుంటింది గానీ చెప్పాల్సింది చెప్పేశాడు. మేనేజరు ముఖం చిట్లించి, తెలుగులోనే చెప్పు, నాకర్థమవుతుందిలే అన్నాడు.

“మీకర్థమైతే సరిపోదండి. పుస్తకంలో ఎక్కేది ఇంగ్లీషే. నా మాట నా మాటగానే ఎక్కాలి.”

మీటింగు పుస్తకం రాసే గుమాస్తా మేనేజరు వంక చూసింది. ఆయన తల తిప్పుకున్నాడు. ఆమె రాసింది. రాసింది చదివి వినిపించేదాకా మేస్త్రి కూర్చోలేదు.

మూడోరోజుకు కొత్త లైనింగు వచ్చింది. నెల తిరక్కుండా మేస్త్రిని ఊరి చివరి బ్రాంచికి మార్చారు. అది శిక్షేనని అందరికీ తెలుసు. ఇక్కడి సభను స్టోరు అక్క చేతిలోకి తీసుకుంది. ఒక పొద్దున ఇంజనీరే వచ్చి వ్యాను పక్కన నిలబడితే, వాచ్‌మన్ అయ్యాక మీ వంతు అని అక్క చెప్పిందట.

కొత్త బ్రాంచిలో మేస్త్రి సంచీ దించి, డ్యూటీకి ముందు ఇక్కడ ఏ గది ఖాళీగా ఉంటుందని అడిగాడు. ఎందుకని అడిగారు అక్కడివాళ్లు. మేస్త్రి నిటారుగా నిలబడి, ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టాడు.