వీపు చూపిన పూలు

మా ఊళ్ళో ఇంటి గోడ మీద పూలు వేయని ఆడది లేదు. విస్తులా నది పొంగి ఇళ్ళలోకి వచ్చిన ఏడు కూడా బురద కడిగి, సున్నం కొట్టి, అది బాగా ఆరకముందే పూలు వేసేశారు. ఆగస్టు నడుమ మూలికల మాత పండుగ, మూలికల కట్టలు గుడికి తీసుకెళ్ళి దీవింపజేసుకునే రోజు. ఆ ముందు వారమంతా ఇంటింటా సున్నపు బాల్చీలు, రంగుపొడులు, వాటిని కలపడానికి మీగడ తీసిన పాలు, పుల్లకు కట్టిన ఆవుతోక వెంట్రుకల కుంచెలు. ఆ వారం ఎవరింట్లోనూ వంట సరిగా జరగదు. మగవాళ్ళు ఉడికిన బంగాళాదుంపలు, పులిసిన పాలతో సరిపెట్టుకుంటారు.

అయితే ఒక కట్టుబాటుంది. ఎవరి పెరట్లో పూసిన పూలే వాళ్ళ గోడకెక్కాలి. లేని పువ్వును గీయడమంటే లేని చుట్టాన్ని ఉన్నాడని చెప్పుకోవడమేనంటారు పెద్దవాళ్ళు.

సలోమేయకు పెరడుంది గాని పూలు లేవు. సల్కా అంటేనే ఊరికి తెలుస్తుంది. ఆమె పెరటి నడుమ ఓ అక్రోటు చెట్టుంది. కూతురు జోషా పుట్టిన ఏడు మొగుడు ఇగ్నాత్సీ నాటిన చెట్టది. పిల్లా చెట్టూ పోటీ పడి ఎదిగారు. తొమ్మిదో ఏట పిల్లకు గొంతు వాచి జ్వరం వచ్చింది. నాలుగు రోజుల్లో పోయింది. చెట్టు మాత్రం తన దారిన తాను పెరుగుతూనే ఉంది. అక్రోటు గుణం తెలిసిందే కదా, దాని నీడలో మరో మొక్క బతకదు. ముందు గులాబీలు పోయాయి, తర్వాత డాలియాలు, చివరికి ఎక్కడపడితే అక్కడ మొలిచే బంతి కూడా. చెట్టు కొట్టించెయ్యమని చెప్పని వాళ్ళు లేరు. సల్కా వినేది, తల ఊపేది, లోపలికి వెళ్ళిపోయేది. అంతే.

మరి ఏడేళ్ళుగా ఆమె గోడ మీద ఊరందరి పూలనూ మించిన పూలు ఎక్కడి నుంచి వచ్చాయి? తూర్పు కంచె అవతలి నుంచి.

అవతల తెక్లా ఇల్లు. సల్కా, తెక్లా ఒకే బల్ల మీద కూర్చుని మూడు తరగతులు చదివి, ఒకే ఏడు బడి మానేసినవాళ్ళు. తెక్లా చెయ్యి ఎలాంటిదంటే పొయ్యిలో బూడిద విసిరినా అక్కడో పువ్వు పూస్తుంది. పియోనీలు, నిలువెత్తు మాల్వాలు, ఎర్రటి గసగసాల పూలు, పిడికిలంత డాలియాలు. ఒకటి వాడితే రెండోది సిద్ధంగా ఉండేది. సల్కా కంచె పక్కన ముక్కాలి పీట వేసుకుని బఠాణీలు ఒలుస్తున్నట్టు కూర్చునేది. ఒలిచేది పది, చూసేది వెయ్యి. రేకు ఎక్కడ ముడుచుకుంది, ఎరుపు ఎక్కడ నలుపుకు తిరిగింది, అంతా కళ్ళతోనే తెచ్చుకుని గోడ మీద పెట్టేది.

చూసినంతసేపూ కడుపులో కుంపటే. ఆ పూలు తెక్లావి అని ఒక మంట. ఆ పూల మధ్య తిరిగే హేలా కూడా తెక్లాదే అని ఇంకో మంట. హేలా, జోషా ఒక్క నెల తేడాతో పుట్టారు. ఇప్పుడు హేలాకు పదహారు నిండాయి. నీళ్ళు పోస్తూ ఆ పిల్ల గట్టిగా నవ్వితే సల్కా చేతిలో బఠాణీ నలిగిపోయేది. "ఒకటైనా నాకు ఉంచకూడదా దేవుడు, పూలైనా, పిల్లయినా" అనుకునేది. అనుకున్నందుకు ఆదివారం గుడిలో పాదిరి ముందు పాపం ఒప్పుకునేది. సోమవారం మళ్ళీ అనుకునేది.

తెక్లాకు మాత్రం మనశ్శాంతి ఉందా అంటే అదీ లేదు. పూలు పూయించగలదు గాని గీయలేదు. ఆమె గోడ మీది గులాబీలను చూసి ఊరి అవ్వ అపోలోనియా ఒకసారి, "క్యాబేజీలు బాగా పండాయే తెక్లా, పులియబెట్టుకుంటే శీతాకాలానికి సరిపోతాయి" అంది. ఊరు నెల్లాళ్ళు నవ్వుకుంది. అపోలోనియాకు ఎనభై దాటాయి. గోడల విషయంలో ఆమె మాటే చివరి మాట.

కిందటేడు పండుగనాడు పట్నం నుంచి ఎవరో వచ్చి సల్కా గోడను ఫొటో తీసుకున్నారు. "ఇవి నిజం పూలకన్నా నిజంగా ఉన్నాయమ్మా" అన్నారు. పక్కనే మూలికల కట్ట పట్టుకుని నిలబడ్డ తెక్లా ముఖం మాడిపోయింది. గుడి వాకిట్లో అందరి ముందూ అడిగేసింది.

"నా పెరడును నీ గోడెక్కించి పేరు నువ్వు కొట్టేస్తున్నావేం? పురుగులు ఏరింది నేను, పేడ మోసింది నేను. నీ పెరట్లో ఏముందో అది గీసుకో. అక్రోటు కాయలు గీసుకో!"

"కళ్ళు నావే తెక్లా. చూపుకు కంచె వేస్తారా ఎవరైనా?" అంది సల్కా మెల్లగా.

"వేయరేం? వేస్తా ఉండు."

అందరూ అపోలోనియా వైపు చూశారు. ముసలామె చేతికర్రతో నేల మీద గీత గీసి, "కట్టుబాటు కట్టుబాటే సల్కా. ఏడేళ్ళు చూసీ చూడనట్టు ఊరుకున్నా, కడుపుకోత పడ్డదానివని. ఇప్పుడు అది నోరు తెరిచి అడిగింది. ఇక కుదరదు" అంది.

మే నెలలో తెక్లా తూర్పు కంచె పొడుగునా రెండు వరసలు పొద్దుతిరుగుడు విత్తింది. దగ్గర దగ్గరగా, వేలు దూరే సందు లేకుండా. జూలైకల్లా అవి కంచె దాటి, మనిషి దాటి, గుర్రపుబండి మీద గడ్డిమోపంత ఎత్తు లేచాయి. పియోనీలు లేవు, మాల్వాలు లేవు, ఏమీ కనబడదు. ఆకుపచ్చ గోడ.

సల్కా మనసులో చిన్న ఆశ ఉండిపోయింది. పోనీలే, ఇవి పూస్తాయి కదా, నా కంచె మీదే కదా ఉన్నాయి, వీటినే వేస్తాననుకుంది. పూశాయి. ఒక్కటీ ఇటు తిరగలేదు. మొగ్గగా ఉన్నప్పుడు పొద్దుతో పాటు తిరిగినా, తల బరువెక్కాక ఆ పువ్వు తూర్పుకే నిలబడిపోతుంది. తూర్పున తెక్లా ఇల్లు. అన్ని పూలూ అటే చూస్తూ నవ్వుతున్నాయి. సల్కాకు వీపులే మిగిలాయి.

"చూశావటయ్యా? పూలు కూడా దాని వైపే!" అంది మొగుడితో.

ఇగ్నాత్సీ రొట్టె నములుతూ, "పొద్దు అటు పొడుస్తుంది మరి. నీకోసం పడమట పొడవమంటావా?" అన్నాడు. తర్వాత, నవ్వించలేకపోయానని తెలిసి, మెల్లగా అడిగాడు. "చెట్టు కొట్టేద్దామా సల్కా? వచ్చే ఏడుకల్లా నేల..."

"ఇంకోసారి ఆ మాటంటే నిన్ను కొట్టేస్తా."

గోడకు సున్నం వేసింది. ఎప్పట్లాగే చిటికెడు నీలి కలిపి, రెండు పూతలు. కుంచె ముంచింది. ముంచిన కుంచె ఆరిపోయింది గాని గోడ మీద గీత పడలేదు. పండుగకు ఐదు రోజులుంది. ఊరంతా ఆ దారినే నడుస్తారు. సల్కా గోడ ఖాళీ అని చెప్పుకుంటారు. చెప్పుకుంటే చెప్పుకోనీ. ఆమె భయం అది కాదు. జోషా పోయాక మంచం మీంచి ఆమెను లేపింది ఆ గోడే. ఈ ఏడు వేయకపోతే మళ్ళీ ఎప్పటికీ వేయలేనని ఆమెకు లోపల తెలుసు.

ఆ సాయంత్రం హేలా వచ్చింది. నడుముకు కట్టుకున్న గుడ్డలో దాచి నాలుగు డాలియాలు తెచ్చింది.

"పిన్నీ, అమ్మ పాలు పితుకుతోంది. ఇవి నీ దగ్గరుంచుకుని చూసి వేసుకో. నేను చెప్పన్లే."

సల్కా పూలను చూడలేదు. పిల్ల మణికట్టు చూసింది. రవిక చేతులు పొట్టి అయిపోయాయి, ఈ ఏడు మళ్ళీ ఎదిగింది. బొటనవేలికి గడ్డి మరక. బంగారు జడలు రెండూ భుజాల ముందుకు వేసుకుంది. ఉంటే ఇంతే ఉండేది. ఇంతే పొడుగు, ఇదే గుమ్మంలో, ఇలాగే వంగి.

"మీ అమ్మ పూలు మీ అమ్మకే ఇచ్చుకో" అంది. గొంతు తనకే కఠినంగా వినిపించింది. "ముష్టి నాకక్కర్లేదు. దొంగ పూలు నీతో తెప్పించుకున్నానని రేపు అది మళ్ళీ గుడి దగ్గర అరవడానికా? పో."

హేలా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. డాలియాలు గడప మీద పెట్టి వెళ్ళిపోయింది. సల్కా వాటిని కోళ్ళకు వేసింది.

మర్నాడు పొద్దు పొడవక ముందే లేచి, గోడకు తగిలించిన కొడవలి తీసుకుంది. ఏం చేయబోతోందో స్పష్టంగా తెలుసు. తనకు వీపు చూపిన ఆ మెడలన్నీ తెగ్గొడుతుంది. కోస్తే చూపు తెరుచుకుంటుంది. లేకపోతే తెక్లా కడుపైనా మండుతుంది. ఎన్నాళ్ళు నా కడుపే?

మంచుకు చెప్పులు తడిశాయి. కంచె మీదుగా చెయ్యి పైకి చాచి మొదటి మెడ పట్టుకుంది. కాడ మణికట్టంత లావు, నూగు గుచ్చుకుంటోంది. కొడవలి ఆనించింది. సరిగ్గా అప్పుడే తెక్లా కొట్టాం కప్పు మీంచి పొద్దు లేచింది.

పువ్వు అవతలి నుంచి వెలుగు పడింది. ముందు నుంచి చూస్తే పసుపు ఒట్టి పసుపే. వెనక నుంచి ఒక్కో రేకూ దీపం ముందు పట్టుకున్న వేలులా వెచ్చగా ఎర్రబడింది, లోపలి నరాలతో సహా. నడుమ ఆకుపచ్చ గిన్నె. దాని చుట్టూ కొసదేరిన చిన్నాకులు, ఒకదాని మీద ఒకటి దువ్వినట్టు. కింద వంగిన మెడ, దాని మీద సన్నని నూగు. ఆ నూగు మెరిసింది.

సల్కా ఆ మెడను ఎరుగును.

కన్నతల్లికి బిడ్డ ముఖం కన్నా వెనకతల ఎక్కువ తెలుసు. రోజూ పొద్దున పీట మీద కూర్చోబెట్టి, కిటికీ వైపు తిప్పి, జడలు వేసేది కదా. పాయ తీస్తుంటే మెడ మీది నూగు ఇలాగే మెరిసేది. "నొప్పమ్మా" అంటూ మెడ కొంచెం ఎడమకు వంచేది. ఏడేళ్ళలో పిల్ల ముఖం మసకబారింది. ఫొటో ఒక్కటే ఉంది, అందులోనూ కదిలిపోయింది. ముఖం గుర్తురాక ఎన్నోసార్లు కుమిలింది గాని, వెనకతలను వెతుక్కోవాలని ఎన్నడూ తోచలేదు.

కొడవలిని కంచె కర్రకు తగిలించి, లోపలికి పరుగెత్తి రంగులు కలిపే పాలు తెచ్చింది.

నాలుగు రోజులు పొద్దు పొడిచినప్పుడు చూడడం, తర్వాత గోడ దగ్గర నిలబడడం. ఇగ్నాత్సీ అడగకుండానే పాలు మీగడ తీసి ఇచ్చాడు. పండుగనాడు గుడి నుంచి మూలికల కట్టలతో తిరిగొస్తున్న ఊరు ఆ గోడ ముందు ఆగిపోయింది. గోడ నిండా పొద్దుతిరుగుళ్ళు, అన్నీ అవతలికి తిరిగి ఉన్నాయి. ఒక్కదానికీ ముఖం లేదు.

"ఇదేంటే, అలిగాయా?" అన్నారొకరు.

"అయినా ఇవి తెక్లావి కదా. కట్టుబాటో?" అన్నారింకొకరు.

అందరూ అపోలోనియాకు దారిచ్చారు. ముసలామె ముక్కు గోడకు ఆనేంత దగ్గరకు వెళ్ళి చూసింది. చాలాసేపు చూసింది.

"తెక్లా, మీ పొద్దుతిరుగుళ్ళకు వెనక ఎన్ని వరసల ఆకులుంటాయే?"

తెక్లా తడబడింది. "నాకేం తెలుసవ్వా, నేను ముందు నుంచే కదా చూస్తా."

"అయితే ముందువైపు నీది. వీపు ఎవరికి చూపించావో వాళ్ళది" అని కర్ర నేలకు కొట్టి అవ్వ ఇంటికి పోయింది. జనం నవ్వుకుంటూ కదిలారు.

తెక్లా కదల్లేదు. హేలా ఆమె వెనకాలే ఉంది. తెక్లా గోడనంతా కళ్ళతో తడిమింది, తప్పు దొరుకుతుందేమోనని. దొరికింది.

"ఇదొక్కటి వంకరగా వేశావు. మెడ ఎడమకు పోయింది. నావి అన్నీ తిన్నగా ఉంటాయి."

 సల్కా కుంచె కడుగుతూ ఉండిపోయింది.

తెక్లా ఇంకా దగ్గరకు జరిగి చూసింది. ఆ వంగిన మెడకు అటొకటి ఇటొకటి రెండే ఆకులు కిందికి జారి ఉన్నాయి. రోజూ పొద్దున తనూ ఒక తల దువ్వుతుంది. చెయ్యి దానంతటదే వెనక్కి వెళ్ళి హేలా జడను పట్టుకుంది. పిల్ల "అమ్మా, లాగకు" అన్నా వదల్లేదు.

"మా ఇంటి క్యాబేజీలు ఎవరూ చూడ్డం లేదు, పోదాం పదవే" అని కూతుర్ని లాక్కుపోయింది.

జడ పట్టుకున్న ఆ చేతిని సల్కా చూసింది. కుంపటి మళ్ళీ రాజుకుంది. అది ఆరేది కాదు, ఆరుతుందని ఆమె అనుకోలేదు కూడా. కానీ వెళ్తున్న పిల్లను పిలిచింది. "హేలా! మొన్న నీ పూలు కోళ్ళకు వేశాను. తప్పు చేశాను. వాటికి కూడా నచ్చలేదు." పిల్ల ఫక్కున నవ్వింది. ఈసారి సల్కా చేతిలో నలగడానికి బఠాణీలు లేవు.

మరుసటేడు తెక్లా పొద్దుతిరుగుడు వేయలేదు. కంచె బోసిగా ఉంది. అవతల పియోనీలు విరగబూశాయి. ఎవరూ అడ్డు చెప్పలేదు, ఎంతసేపైనా చూడొచ్చు. సల్కా పీట వేసుకుని రెండు రోజులు చూసింది. పియోనీలు ముఖాలు చూపిస్తున్నాయి. అవి ఆమెకు అక్కర్లేకపోయాయి.

మూడో రోజు పొద్దున్నే నిరుడు కంచె సందున రాలితే ఏరి దాచిన పొద్దుతిరుగుడు గింజలు గుప్పెడు తీసుకుని, కంచె సందులోంచి చెయ్యి దూర్చి, తెక్లా మట్టిలో వేలితో గుంటలు చేసి పాతింది. తన వైపు మట్టిలో పాతితే మొలవవు కదా, చెట్టు బతకనివ్వదు.

జూన్‌లో ఓ సాయంత్రం తెక్లా గొంతు కంచె మీంచి వినబడింది.

"ఒసే సల్కా, ఈ ఏడు నా కంచె పొడుగునా ఏవో కలుపుమొక్కలు లేచాయే. అదీ వరసగా!"

"కలుపైతే పీకెయ్యి."

అవతల చెంబు బాల్చీలో మునిగిన చప్పుడు. తర్వాత మట్టిలో నీళ్ళు ఇంకుతున్న చప్పుడు.

"తీరికెక్కడే నాకు?" అంది తెక్లా, రెండో చెంబు పోస్తూ.