ఆఖరి వరుస

పర్యాటక కార్యాలయం కిటికీ వెనక ఇరవై ఆరేళ్లు ఆమె చేసిన పని ఒక్కటే. వచ్చినవాళ్లకి ఒక్కరోజులో, ఉరుకులు పరుగులు లేకుండా నగరం చూసే దారి కాగితం మీద రాసిచ్చేది. పొద్దున మ్యూజియం, మధ్యాహ్నం గడియార స్తంభం, సాయంత్రం వంతెన పక్క బెంచీ. ఆఖరి వరుస మాత్రం ఖాళీగా వదిలి, "అది మీ ఇష్టం" అనేది. తను మాత్రం వాటిలో ఒక్కటీ చూడలేదు. "దీపం కింద చీకటంటే నువ్వేనే" అని ఇంట్లో తనతో ఉండే అక్క దెప్పేది.

రిటైరైన మర్నాడు తనకోసమే ఒక కాగితం రాసుకుని బయల్దేరింది.

మ్యూజియంలో టికెట్లు చింపే మనిషి తలెత్తి, "ఇందాకేగా చూసి వెళ్లారు, మళ్లీ వచ్చారేంటండీ?" అన్నాడు. ఎవరినో చూసి పొరబడ్డాడనుకుంది. గడియార స్తంభం దగ్గర పళ్లమ్మే ఆవిడ, "గొడుగు మర్చిపోయారమ్మా" అంటూ చేతిలో పెట్టింది. పొద్దున తలుపు వెనక తగిలించి వచ్చిన తన గొడుగే. ఒళ్లు జలదరించింది. అయినా రాసిన వరుస తప్పడం ఆమెకి చేతకాదు. వంతెన దగ్గరికే నడిచింది.

బెంచీ ఖాళీగా ఉంది. ఎవరో అప్పుడే లేచి వెళ్లినట్టు వెచ్చగా ఉంది. పక్కన మడిచిన కాగితం, తన చేతిరాతే, అవే వరుసలు. ఆఖరిది మాత్రం ఖాళీగా లేదు: "ఇంటికెళ్లి గడియ వేసుకోవాలి."

ఇంటికి ఫోన్ చేసి, "అక్కా, నేనే" అంది.

"ఎవరండీ?" అంది అక్క తాపీగా. "మా చెల్లెలు ఇంట్లోనే ఉందే."