సోమ, బుధ, శుక్రవారాలు

ఆంటీ పోయారని మంగళవారం పొద్దున తెలిసింది. ల్యాబుకి బయలుదేరుతూ చెప్పులు వేసుకుంటుంటే ఫోను మోగింది. ఆంటీ చెల్లెలి కూతురు. "అక్కా, పెద్దమ్మ ఇంక లేదు" అంది. ఆ అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది. అంతకు మించి తెలుగులో చెప్పలేక మిగతాది ఇంగ్లీషులో చెప్పింది. నిద్రలోనే పోయారట. నేను ఒక కాలికి చెప్పుతోనే గుమ్మంలో కూర్చుండిపోయాను.

ఆవిడ నాకు చుట్టం కాదు. మేము సింగపూర్ వచ్చిన కొత్తలో, బుకిట్ పంజాంగ్‌లోని వాళ్ళ ఫ్లాటులో ఒక గది అద్దెకు తీసుకుని పద్నాలుగు నెలలు ఉన్నాం. అందులో చాలా రోజులు ఆవిడను మనసులో తిట్టుకుంటూనే గడిపాను. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు గానీ, ఆవిడకు అలా నచ్చదు. "ఉన్నది ఉన్నట్టు సెప్పు. పూత పుయ్యకు" అనేవారు. అలా అనే మనిషే నా దగ్గర పెద్ద విషయం ఒకటి దాచారు. ముందు ఆ సంగతే రాస్తాను.

మావారికి తువాస్‌లో ఓడలు బాగుచేసే యార్డులో ఉద్యోగం. పొద్దున ఆరింటికి కంపెనీ బస్సు ఎక్కితే తిరిగి వచ్చేసరికి చీకటి పడేది. వచ్చిన మొదటి నెలంతా గది కోసం తిరిగాం. కొందరు మా పేర్లు వినగానే గది వెళ్ళిపోయిందన్నారు. కొందరు అంతా మాట్లాడి చివర్న "నో కుకింగ్" అన్నారు. తిరగమోత వేయకుండా ఎలా బతకడం? అలాంటప్పుడు ఎవరో ఆంటీ నంబరు ఇచ్చారు. ఫోను తీసి ఆవిడ అడిగిన మొదటి మాట, "వంట సేస్తావా?"

"చేస్తానండీ" అన్నాను భయపడుతూ.

"అయితే రా."

ఆవిడ తాతలు ఎప్పుడో శ్రీకాకుళం నుంచి మలయా రబ్బరు తోటల్లోకి వచ్చినవాళ్ళు. ఆవిడ తెలుగులో ఆ ఊరి యాస చెక్కుచెదరలేదు. మధ్యలో అరవం, మలయ్ మాటలు వచ్చి చేరాయి. అన్నం తిన్నావా అనడానికి "మాకాన్ అయిందా?" అనేవారు. పర్వాలేదు అనడానికి "తాపా". ఒంగోలు నుంచి వచ్చిన నాకు ఆ భాష అర్థం కావడానికి వారం పట్టింది.

గది చూపించి రెండే షరతులు పెట్టారు. ఒకటి, ఇనపగేటుకు ఎప్పుడూ తాళం ఉండాలి. తాళంచెవి మేకుకి తగిలించకూడదు, ఒంటిమీదే ఉండాలి. రెండు, సోమ, బుధ, శుక్రవారాల్లో పన్నెండు నుంచి ఐదున్నర దాకా నేను ఇంట్లో ఉండాలి.

"ఎందుకండీ?"

"నాకు బయట పనుంటాది. అంకుల్ ఒక్కడే ఉంటాడు. ఆయనికి మతిమరుపు."

సరేనన్నాను. ఉద్యోగం లేదు, ఎవరూ తెలియదు, నేను మాత్రం ఎక్కడికి వెళ్తాను? రెండేళ్ళకు కాగితం రాసుకున్నాం.

అంకుల్ పూర్వం బస్సు డ్రైవరు. మతిమరుపు అని ఆంటీ ఒక్క మాటలో తేల్చేసింది ఏమిటో మొదటి సోమవారమే తెలిసింది. ఆయన దృష్టిలో ఆయనింకా డ్యూటీలోనే ఉన్నారు. మధ్యాహ్నం కాగానే నీలం చొక్కా వేసుకుని గేటు దగ్గర నిలబడి ఊచలు పట్టుకుని ఊపేవారు. "ఓపెన్ ద గేట్ లా! బస్సు లేటైపోతోంది. జనం వెయిట్ చేస్తున్నారు." మాట చివర ఆ 'లా' ఇక్కడివాళ్ళ అలవాటు. నేను గదిలో తలుపు వేసుకుంటే వచ్చి తలుపు తట్టేవారు. కోపం వస్తే ఒక్కోసారి చెంబో గ్లాసో గోడకు తగిలేది. కాసేపటికి అలిసిపోయి, నేనెవరో, ఎందుకొచ్చానో అడిగి, మర్యాదగా టీ తాగమనేవారు. మళ్ళీ గేటు దగ్గరికి వెళ్ళేవారు.

మా గది తొమ్మిదో అంతస్తులో. కిటికీకి ఎదురుగా చిన్న రైలు తిరుగుతుంది. ఇళ్ళకు దగ్గరగా వచ్చినప్పుడు దాని అద్దాలు వాటంతటవే తెల్లగా మసకబారతాయి, లోపలివాళ్ళు ఇళ్ళలోకి తొంగిచూడకుండా. గేటు చప్పుడు వింటూ నేను ఆ కిటికీ దగ్గర నిలబడేదాన్ని. రైలు వచ్చేది, కళ్ళు మూసుకున్నట్టు తెల్లబడేది, వెళ్ళిపోయేది. ఎమ్మెస్సీ చదివి, ఏడు సముద్రాలు దాటి వచ్చి, తాళం వేసిన ఇంట్లో ఒక పిచ్చాయనతో కూర్చున్నానని ఏడుపొచ్చేది. పిచ్చాయన అనే అనుకునేదాన్ని అప్పుడు.

ఆంటీ పద్ధతులు కూడా నాకు ఎక్కేవి కావు. నీళ్ళు చిన్న స్టీలు గ్లాసులో అడుగున పోసుకుని, గుక్క గుక్కగా, మందు తాగినట్టు తాగేవారు. ఎండలోంచి వచ్చినా అంతే. కూరగాయలు ఉడికించి ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ ఉడికించేవారు. ఈ ఉక్కలో మోచేతులు దాటిన జాకెట్లు తొడుక్కునేవారు. పీనాసితనం, చాదస్తం అని మావారితో చెప్పి నవ్వుకునేదాన్ని. ఐదున్నరకు ఇంటికొచ్చేసరికి ఆవిడ ముఖం పాలిపోయి ఉండేది. సోఫాలో వాలిపోయి, కళ్ళు మూసుకునే అడిగేవారు, "గేటేసినావా?" ఎక్కడ తిరిగొస్తుందో ఈవిడ, నన్నిక్కడ కూర్చోబెట్టి, అనుకునేదాన్ని.

ఏడో నెలలో నాకు ఉద్యోగం వచ్చింది. తినే వస్తువులు పరీక్షించే ల్యాబులో. నా చదువుకు సరిపోయేది. ఇక్కడ పనిచేయడానికి కావలసిన పాసు కూడా వాళ్ళే చూసుకుంటామన్నారు. వారం రోజుల్లో సంగతి చెప్పమన్నారు. ఆంటీకి ఎలా చెప్పాలా అని మూడు రోజులు నానుస్తుండగా శుక్రవారం వచ్చింది.

ఆ రోజు స్నానానికి వెళ్తూ తాళంచెవి స్టవ్వు పక్కన పెట్టాను. అంతకుముందెప్పుడూ అలా చేయలేదు. బయటికి వచ్చేసరికి అది అంకుల్ చేతిలో ఉంది. గేటు తాళంలో పెట్టి తిప్పుతున్నారు, తిరగడం లేదు. "నాకివ్వండి అంకుల్" అని దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒక్కసారి నావైపు చూసి, ఊచల సందులోంచి చెయ్యి చాపి, తాళంచెవిని వరండా పిట్టగోడ మీదుగా బయటికి విసిరేశారు. తొమ్మిది అంతస్తుల కిందికి.

చుట్టుపక్కల తలుపులన్నీ మూసి ఉన్నాయి. అరిచాను, ఎవరూ పలకలేదు. మావారి ఫోను యార్డులోకి వెళ్ళేటప్పుడు లాకర్లో పెట్టించుకుంటారు. ఆంటీకి చేశాను. మూడోసారి ఎవరో ఎత్తారు. ఇంగ్లీషులో ఒక నర్సు గొంతు. "ఆంటీ మెషీను మీద ఉన్నారు. ఇంకా గంటన్నర పడుతుంది. అర్జెంటా?"

"ఏ మెషీను?" అన్నాను.

"డయాలిసిస్" అందామె, నాకు తెలియదా అన్నట్టు.

ఫోను పెట్టేశాను. ఆ కొంచెం నీళ్ళూ, లవణాలు పోయేలా రెండుసార్లు ఉడికించిన కూరలూ, సూదుల గుర్తులు దాచే పొడుగు చేతుల జాకెట్లూ, ఒక్కొక్కటే కళ్ళ ముందుకు వచ్చాయి. జాలి కలగాలి. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. ఏడు నెలలు నన్ను మోసం చేసింది అనుకున్నాను.

అంకుల్ గేటు ఊపుతూనే ఉన్నారు. వేళ్ళు ఎర్రగా కందిపోయాయి. ఏం చేయాలో తోచక భోజనాల బల్ల కుర్చీలు తీసి హాల్లో ఒకదాని వెనక ఒకటి వేశాను. "అంకుల్, బస్సు వచ్చింది, రండి" అన్నాను. ఆయన గేటు వదిలి వచ్చి చూశారు. ముందు కుర్చీలో కూర్చున్నారు, రెండు చేతులూ గుండ్రంగా పట్టారు. నేను వెనక కూర్చున్నాను. స్టాపుల పేర్లు వరసగా ఆయన నోటికి వచ్చేస్తున్నాయి. ప్రతి స్టాపులోనూ ఆగి, ఎక్కేవాళ్ళు ఎక్కేదాకా చూసి, మళ్ళీ కదిలేవారు. అలా ఎంతసేపు తిరిగామో. ఎప్పుడు మొదలైందో గానీ నేను ఏడుస్తున్నాను. ఆయన తల పైకెత్తి, లేని అద్దంలో నన్ను చూశారు.

"మిస్సీ, ఏడవకు. దిగే చోటు చెప్పు. ఆపుతాను."

"ఒంగోలు" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి, చాలా బాధగా చెప్పారు. "అది నా రూటు కాదమ్మా."

ఆంటీ తన తాళంచెవితో గేటు తీసుకుని వచ్చేసరికి మేమిద్దరం ఇంకా ఆ కుర్చీల్లోనే ఉన్నాం. ఆవిడ కుర్చీల వరసనీ మమ్మల్నీ మార్చి మార్చి చూశారు. నేనే అడిగాను.

"నన్ను అద్దెకు పెట్టుకున్నారా, కాపలాకు పెట్టుకున్నారా?"

"రెండుకీనమ్మా" అన్నారు. గేటు పట్టుకునే నిలబడ్డారు, కూర్చోలేదు. "ముందే సెప్తే ఎవులొస్తారు?"

"మీ చెల్లెలి కూతురు అప్పుడప్పుడూ వస్తుందిగా. ఆమెకు చెప్పొచ్చుగా!"

"దానికి నా మెషీను సంగతి తెలీదు. తెలిస్తే ఈయన్ని తీసుకెళ్ళి ఎక్కడో హోములో పడేస్తాది. ఈయన నానొక్కదాన్నీ ఉంటేనే తింటాడు." గేటుకు తాళం వేసి అన్నారు. "నువ్వు ఎలిపో. ఆ కాగితం సింపేస్తాను. తప్పు నాదే. దానికి మాత్రం సెప్పకు."

సరే, చెప్పనన్నాను.

కాగితం చింపేస్తానన్న ఆవిడ మాటతో నా కట్లు తెగిపోవాలి. తెగలేదు. ఇదివరకు కాగితం నన్ను ఆపేది. ఇప్పుడు ఆ కాగితం లేదు, అయినా పెట్టె సర్దుకోలేకపోయాను. నేను వెళ్ళిపోతే సోమవారం ఆవిడ మెషీనుకి వెళ్తుందా, మానేస్తుందా? ఉంటే నా ఉద్యోగం పోతుంది. మావారు, "నీ ఇష్టం" అన్నారు. అంతకంటే పనికిరాని మాట లేదు. రెండు రోజులు అటూ ఇటూ తిరిగి, ఆదివారం సాయంత్రం కింద ఆటస్థలం దగ్గర నిలబడి ఆంటీ చెల్లెలి కూతురికి ఫోను చేసి అంతా చెప్పేశాను. ఇచ్చిన మాట రెండు రోజులు కూడా నిలవలేదు.

ఆ అమ్మాయి ఆ రాత్రే వచ్చింది. లోపల ఇద్దరూ అరుచుకోవడం మా గదిలోకి వినిపించింది. మర్నాటి నుంచి ఆంటీ నాతో మాట్లాడటం మానేశారు. పంతొమ్మిది రోజులు. వంటింట్లో ఒకరికొకరం తగలకుండా ఒదిగి తిరిగేవాళ్ళం. ఒకే ఇంట్లో ఉన్న మనిషి మాట్లాడకపోతే గోడలు దగ్గరికి జరిగినట్టు ఉంటుంది. ఆ మూడు మధ్యాహ్నాలూ నేను ఇంట్లోనే ఉన్నా, ఆవిడ తిరిగొచ్చి గేటేసినావా అని కూడా అడగలేదు. ఆ ప్రశ్న కోసం ఎదురుచూస్తానని నేనెప్పుడూ అనుకోలేదు.

చెల్లెలి కూతురు అంకుల్‌ని హోములో వేయలేదు. పగలంతా పెద్దవాళ్ళను చూసుకుని సాయంత్రం ఇంటికి పంపే చోటు ఒకటి వెతికింది. పొద్దున వ్యాను వచ్చి తీసుకువెళ్తుంది. ఆంటీ ఒప్పుకోలేదు. ఆయన ఎక్కడు, కొడతాడు, భయపడతాడు అన్నారు. మొదటి రోజు ఆవిడతోపాటు నేనూ కిందికి వెళ్ళాను. వ్యాను ఆగింది. అంకుల్ దాని చుట్టూ ఒకసారి తిరిగి చక్రాలు చూశారు. నీలం చొక్కా కాలరు సరిచేసుకున్నారు. డ్రైవరు పక్క సీట్లో ఎక్కి కూర్చుని, "ఓకే, గో" అన్నారు. వెనక్కి కూడా చూడలేదు.

పైకి వచ్చాక ఆంటీ భోజనాల బల్ల దగ్గర కూర్చున్నారు. ఏం చేయాలో తెలియక బల్లమీద లేని మెతుకులు తుడిచారు.

"ఈ ఇంట్లో ఆయన లేకుండా కూకోడం ఇదే మొదలు" అన్నారు, గోడతో చెప్పినట్టు. తర్వాత నావైపు తిరిగారు. "నువ్వు సేసింది తప్పే. మాటిచ్చి తప్పినావు."

"అవునండీ."

"నానూ తప్పే సేసినాను. సరిపోనాది." లేచి స్టవ్వు వెలిగించారు. "తాపా. మాకాన్ అయిందా?"

ఆ పూట ఆవిడ చేసిన, రెండుసార్లు ఉడికించిన బెండకాయ కూర చప్పగా, జిగురుగా, ఘోరంగా ఉంది. ఇద్దరం తిన్నాం.

పాసు వచ్చాక నేను ల్యాబులో చేరాను. మరో ఏడు నెలలు అక్కడే ఉన్నాం. సెలవు రోజుల్లో ఆవిడ వెంట మెషీను దగ్గరికి వెళ్ళేదాన్ని. రెండు సూదులు గుచ్చి ఉన్న చెయ్యి కదపకుండా, రెండో చేత్తో నాకు ఆ గదిలోని మనుషులందరినీ చూపించి వాళ్ళ కథలు చెప్పేవారు. "ఇక్కడికొచ్చి కూకుంటే ఎవులూ లేపరు, ఎవులూ పిలవరు. నాకిదే రెస్టు" అన్నారొకసారి. ఎన్నేళ్ళుగానో ఆవిడకు దొరికిన విశ్రాంతి అదొక్కటే. నేను తాళం వేసిన ఇంట్లో ఉన్నది వారానికి మూడు మధ్యాహ్నాలు. ఆవిడ మిగతా అన్ని రోజులూ ఉన్నారు, ఒక్క మాట అనకుండా.

యూ టీ అనే పేటలో మాకు వేరే ఫ్లాటు దొరికాక, ఖాళీ చేసే రోజు ఆవిడ గది చుట్టూ ఒకసారి చూసి, "గోడకి మేకులు కొట్టలేదు, మంచిదానివి" అన్నారు. అంతకుమించి పొగడ్త ఆవిడ నోట నేను వినలేదు. అది మూడేళ్ళ కిందటి మాట. తర్వాత పండగలకు వెళ్ళేదాన్ని. ఇంకా తరచుగా వెళ్ళి ఉండాల్సింది.

బుధవారం దహనం అయింది. అంకుల్ అందరితోపాటు వచ్చారు. ఎవరు పోయారని నన్ను రెండుసార్లు అడిగారు. చెప్పాను. రెండుసార్లూ అప్పుడే విన్నట్టు కూలిపోయారు. మూడోసారి అడిగినప్పుడు నేను చెప్పలేదు.

గురువారం పొద్దున సాయానికని మళ్ళీ వెళ్ళాను. చెల్లెలి కూతురు సామాను తెచ్చుకుని ఆ ఇంట్లోకే వచ్చేసింది. వ్యాను వేళయింది. ఆయనకు చెప్పులు తొడుగుతూ నాకు వరండాలో పిట్టగోడ దగ్గర చోటు చూపించింది.

"అక్కా, నువ్వు ఇక్కడ స్టాండ్. పెద్దమ్మ ఎవ్రీడే ఇక్కడే లా. పెదనాన్న పైకి చూస్తారు, అప్పుడే వ్యాన్ ఎక్కుతారు."

ఆయన అలా చూస్తారని నాకు తెలియదు. నేను ఆ ఇంట్లో ఉన్న రోజుల తర్వాత మొదలైన అలవాటై ఉంటుంది. వాళ్ళు లిఫ్టులో దిగి వెళ్ళారు. సరిగ్గా ఆంటీ చోటులో నిలబడటానికి మనసొప్పక నేను ఒక అడుగు పక్కకి నిలబడ్డాను. కింద వ్యాను తలుపు తీసి ఉంది. ఆయన ఎక్కబోయి ఆగారు. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని అంతస్తులు ఒక్కొక్కటే పైకి కళ్ళతో వెతుక్కున్నారు. నేను చెయ్యి ఊపాను. చూశారు. ఊపలేదు. డ్రైవరు ఏదో అంటున్నాడు, ఆ అమ్మాయి మోచెయ్యి పట్టుకుని మెల్లగా లాగుతోంది. ఆయన మాత్రం నా పక్కనున్న ఖాళీ చోటు వైపే చూస్తూ, చెయ్యి సగం ఎత్తి, అలాగే నిలబడి ఉన్నారు.